ఇంజనుకు కీర్తి, క్లచ్చికి అరుగుదల

మోటారుబండి పుట్టుకను గురించి వ్రాసిన గ్రంథములను తిరగవేసినచో ఒక సంగతి వెంటనే కనబడును. వానిలో ఇంజనుకు అధ్యాయములు, క్లచ్చికి పేరాలు. ఓటో, బెంజు, డైమ్లరు, మైబాకు మున్నగువారు ఇంజనును మెరుగుపరచిన వైనము రాజవంశావళివలె వరుసగ చెప్పబడును. ఒక్కొక్క మార్పునకు ఒక తేదీ, ఒక పేరు, ఒక పటము ఉండును. క్లచ్చి మాత్రము "ఇంజనును చక్రములతో కలుపు సాధనము" అను ఒక్క వాక్యముతో సరిపెట్టబడును. పెండ్లికుమారుని ఊరేగింపును వర్ణించి వర్ణించి ముడి వేసిన సంగతి మరచినట్లుండును ఈ పద్ధతి.

ఇది కేవలము పుటల లెక్కకు సంబంధించిన లోపమైనచో పట్టించుకొన నక్కరలేదు. కాని ఇట్లు చెప్పిన చరిత్రలో ప్రతి మార్పును అభివృద్ధిగనే కనబడును. ఏ కొలబద్దతో కొలిచిన అభివృద్ధి, దానికి వెల ఎవరు చెల్లించిరి అను ప్రశ్నలకు చోటుండదు. ఇంజను ఒక్కదానినే చూచువానికి ఆ ప్రశ్నలు తోచకపోవుట సహజమే. ఎంత బలము, ఎన్ని చుట్లు, ఎంత పెట్రోలు అను అంకెలతో ఇంజను పని తేలిపోవును. క్లచ్చి అట్లు కాదు. అది అరుగుటకే పుట్టిన వస్తువు. అరిగినది ఎక్కడికో పోవలెను. అందువలన తొలి మోటారుబండ్ల నిర్మాణమును విమర్శించువాడు ఇంజనును, క్లచ్చిని ఒక్కచోట పెట్టి చూచిననే నిజస్వరూపము బయటపడును.

ఆవిరి యంత్రమునకు క్లచ్చి అక్కరలేదు. నిలిచియున్న పిస్టనుమీదనే ఆవిరి పూర్తి ఒత్తిడితో నెట్టగలదు. రైలు కదలుట అట్లే. విద్యుత్తు మోటారును నిలిచియున్న స్థితినుండియే లాగగలదు. పెట్రోలు ఇంజను స్వభావము వేరు. అది ముందుగ తిరుగుచుండవలెను; ఒక కనీస వేగమునకు తక్కువైనచో ఆగిపోవును. తిరుగుచున్న ఇంజనుకు, నిలిచియున్న బండికి పొత్తు కుదుర్చుటయే క్లచ్చి పని. 1886 జనవరి 29వ తేదీన పేటెంటునకు దరఖాస్తు పెట్టిన కార్లు బెంజుగారి మూడు చక్రముల బండిలో ఈ పని ఒక బెల్టు చేసెను. ఇరుసుమీద రెండు పుల్లీలు, ఒకటి బిగించినది, రెండవది వదులుగ తిరుగునది. బెల్టును వదులు పుల్లీమీదనుండి బిగువు పుల్లీమీదికి జరిపినచో బండి కదలును. పాతకాలపు బియ్యపు మిల్లులలో పొడవైన ఇరుసునుండి ఒక్కొక్క యంత్రమునకు బెల్టులు వేసి నడిపిన పద్ధతిని ఎరిగినవారికి ఇందులో వింత ఏమియు లేదు. బెంజుగారు మిల్లులోని ఏర్పాటును తెచ్చి బండిమీద పెట్టెను. ముక్కాలు అశ్వబలపు ఇంజనుకు అది చాలును. వాన తడిసినప్పుడు, ఎత్తు ఎక్కవలసినప్పుడు బెల్టు జారిపోవుచుండెను.

ఇచ్చట భౌతికశాస్త్రము చెప్పు ఒక మాటను ముందుగనే గ్రహింపవలెను. దానిని విడిచిన క్లచ్చి చరిత్ర అంతయు ఒకరి తరువాత ఒకరు చేసిన చిట్కాలవలె కనబడును. ఇంజను ఒకే వేగముతో తిరుగుచుండగా క్లచ్చిని మెల్లగ కలిపితి మనుకొందము. రెండు పలకలు ఒకదానిమీద ఒకటి జారుచు, నిలిచియున్న పలక క్రమముగ వేగము పుంజుకొని రెండవదానితో సమానమగును. ఇంజను వైపు పలక మొదటినుండియు పూర్తి వేగముతోనే తిరుగుచున్నది. చక్రముల వైపు పలక సున్నతో మొదలై పూర్తి వేగమునకు వచ్చినది. ఇరువైపుల త్రిప్పుబలము ఒక్కటే. కావున ఇంజను చేసిన పనిలో సరిగ సగము బండికి గతిశక్తిగ చేరును, మిగిలిన సగము క్లచ్చిలో వేడిగ మారును. తోలు వాడినను, ఇనుము వాడినను, నూనె పోసినను, పోయకున్నను ఈ సగము తప్పదు. 1,000 కిలోగ్రాముల బండిని గంటకు 14 కిలోమీటర్ల వేగమునకు తెచ్చునప్పుడు దాని గతిశక్తి సుమారు 8,000 జౌళ్ళు. అంతే వేడి క్లచ్చిలోను పుట్టును. 100 గ్రాముల నీటిని 19 డిగ్రీలు వేడిచేయుటకు అది చాలును. ఊరిలో బండి ఆగి కదలిన ప్రతిసారియు ఈ లెక్క మరల మొదటికి వచ్చును. వేడిని లేకుండ చేయుట ఏ ఇంజనీరు వల్లను కాదు. దానిని ఏ వస్తువు భరించవలెనో నిర్ణయించుట మాత్రమే అతని చేతిలో నున్నది.

మొదట భరించినది తోలు. 1888 ఆగస్టులో బెర్తా బెంజుగారు ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమునకు బండిలో పోయినప్పుడు, దిగుడులలో బ్రేకుల కొయ్యదిమ్మెలు అరిగిపోగా ఒక చెప్పులు కుట్టువానిచేత వానికి తోలు కొట్టించెనని ప్రసిద్ధి. ఘర్షణ కొరకు తోలు అతికించు పద్ధతికి మోటారు చరిత్రలో ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. ఆమెకు ఇంజనీరని పేరులేదు గాని ఆ చేసినది ఇంజనీరు పనియే.

తరువాతి ఇరువది సంవత్సరములలో ఎక్కువ బండ్లు ఉపయోగించినది శంకువు క్లచ్చి. ఫ్లైవీలు లోపల గరాటువలె తొలిచియుండును. తోలు తొడిగిన శంకువు స్ప్రింగు బలముతో ఆ గరాటులోనికి బిగుసుకొనును. కాలితో తొక్కినచో వెనుకకు వచ్చును. ఇందలి సుగుణము ఏటవాలు. నిమిషమునకు 1,000 చుట్లు తిరుగు 20 అశ్వబలముల ఇంజనును తీసికొందము. 18 సెంటీమీటర్ల వ్యాసార్ధము, 0.2 ఘర్షణ గుణకము అనుకొన్నచో, ఒక్క చదునైన ముఖముతో దాని త్రిప్పుబలమును పట్టుటకు సుమారు 400 కిలోగ్రాముల ఒత్తిడి కావలెను. పండ్రెండున్నర డిగ్రీల వాలుగల శంకువైనచో 87 కిలోగ్రాములు చాలును. మేకును చెక్కలోనికి దింపినట్లు కొద్ది బలమే పలురెట్లయి గోడలను నొక్కును. మనిషి కాలితో విడదీయగల స్ప్రింగుతో ఇంజను బలమునంతటిని పట్టగలుగుట చిన్న విషయము కాదు. శంకువును మొరటు సాధనమని తీసిపారవేయు చరిత్రకారులు ఈ లెక్క చేయలేదు.

కాని ఆ సుగుణములోనే దోషము దాగియున్నది. శంకువు వాలు ఘర్షణ గుణకముతో పోల్చదగినంత తక్కువైనచో అది గరాటులో చిక్కుకొని స్ప్రింగును వెనుకకు లాగినను ఊడిరాదు. గుణకము 0.2 ఉన్నప్పుడు చిక్కుకొను వాలు 11 డిగ్రీలు, 0.3 అయినచో దాదాపు 17 డిగ్రీలు. అనగా పండ్రెండున్నర డిగ్రీల క్లచ్చి తోలు మెత్తగ, కొంచెము జిడ్డుగ ఉన్నంతవరకు చక్కగ ఊడివచ్చును. తోలు ఎండి గరుకెక్కిన దినమున పట్టు విడువదు. తోలేమో జీవజన్యపదార్థము. వేడికి ఎండును, తేమకు ఉబ్బును, నూనె తగిలిన జారును. కావున ఆనాటి డ్రైవరు క్లచ్చిని పశువును సాకినట్లు సాకవలసివచ్చెను. ఎండినప్పుడు ఆముదము పట్టించుట, జారినప్పుడు మెత్తని మట్టిపొడి చల్లుట ఆనాటి నిత్యకృత్యములు. తోలు క్రింద అక్కడక్కడ చిన్న స్ప్రింగులు పెట్టి, ఆ చోట్లు ముందు తాకునట్లు చేసి కుదుపును తగ్గించిరి. శంకువు బరువైనది గనుక విడదీసిన తరువాత కూడ గిరగిర తిరుగుచునే యుండి గేరు మార్చుటకు అడ్డము వచ్చుచుండెను. దానిని ఆపుటకు వేరొక చిన్న బ్రేకు! ఒక దోషమునకు మందు, ఆ మందు తెచ్చిన దోషమునకు మరొక మందు. ఈ విధమైన అతుకులు పెరుగుచున్నప్పుడు మూలభావన తన శక్తిమేరకు పని చేసి ముగిసినదని గ్రహింపవలెను.

1901లో వచ్చిన మెర్సిడెసు బండిని తొలి ఆధునిక మోటారుబండి యని పలువురు పిలిచిరి. ఎమిలు యెల్లినెకు అను వర్తకుని పట్టుదలపై విల్‌హెల్ము మైబాకు దానిని రూపొందించెను. దానిని పొగడువారు సాధారణముగ తేనెపట్టు రేడియేటరును ముందు చెప్పుదురు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070 కూర్చి చేసిన ఆ రేడియేటరు నిజముగనే అందమైన పని. 35 అశ్వబలములు అను అంకె కూడ ఆనాటికి గొప్పదే. అయినను ఆ ఇంజనులో అన్నిటికంటె విలువైన మార్పు కంటికి ఆననిది: గాలి, పెట్రోలు మిశ్రమము లోనికి వచ్చు కవాటమును క్యాము చేత తెరచుట.

అంతకుముందు ఎక్కువ ఇంజనులలో ఆ కవాటము తనంత తానే తెరచుకొనెడిది. పిస్టను క్రిందికి దిగునప్పుడు పుట్టు చూషణము బలహీనమైన స్ప్రింగును గెలిచి కవాటమును లాగవలెను. వేగము హెచ్చినచో దానికి తెరచుకొనుటకు వ్యవధి చాలదు. వేగము బాగుగ తగ్గించినచో చూషణము చాలదు. నిప్పు పుట్టించుటకు ఎర్రగ కాల్చిన గొట్టము వాడిన ఇంజనులలో నిప్పంటు సమయము కూడ డ్రైవరు వశమున ఉండెడిది కాదు. ఫలితముగ ఇంజను దాదాపు ఒకే వేగముతో పోవుచుండెను. బండి వేగమును తగ్గించవలెనన్న గేరు మార్చవలెను, లేదా క్లచ్చిని సగము పట్టించి జారనీయవలెను. పాపము, తోలు మాడిపోవుట తోలు తప్పు కాదు. ఇంజను మొండితనమును అది మోసినది.

మైబాకుగారి ఇంజను నిమిషమునకు 300 చుట్లనుండి 1,000 చుట్లవరకు డ్రైవరు చెప్పినట్లు వినెను. వేడి లెక్కను ఇచ్చట మరల చూడవలెను. క్లచ్చిలో పుట్టు వేడి వేగపు వర్గమును అనుసరించి పోవును. ఒకే గేరులో 700 చుట్లవద్ద క్లచ్చిని కలుపుటకు బదులు 300 చుట్లవద్ద కలుపగలిగినచో వేడి ఐదవ వంతుకంటె తక్కువకు దిగును. క్లచ్చిలో ఒక్క మర కూడ మార్చకయే దాని ఆయువును పలురెట్లు పెంచిన మార్పు ఇది. ఇంజనునకు ఒక అధ్యాయము, క్లచ్చికి మరొక పేరా అని విడదీసి వ్రాసిన పుస్తకములలో ఈ సంబంధము కనబడదు. కనబడకపోవుటచేత కవాటము వరుసలో రేడియేటరు తరువాత ఎక్కడనో మూలకు చేరును.

అదే బండిలోని క్లచ్చి విషయమున మైబాకుగారికి అంత మెప్పు ఇయ్యలేము. తోలు శంకువును తొలగించి ఉక్కు చుట్టను పెట్టెను. ఫ్లైవీలు లోపల స్ప్రింగువంటి చుట్ట, గేరుపెట్టెకు పోవు ఇరుసుమీది డోలును చుట్టుకొని బిగియును. రేవులో పడవ తాడును గుంజకు నాలుగు చుట్లు చుట్టి ఒక్క చేతితో పడవను ఆపు సరంగునకు ఈ సూత్రము తెలియును. చుట్టునకు చుట్టునకు పట్టు రెట్లలో పెరుగును. తోలుతో పనిలేదు, చిన్న చోటులో ఇముడును, పెద్ద స్ప్రింగు అక్కరలేదు. సూత్రము అద్భుతము. కాని లెక్క వేసినచో భయము కలుగును. నాలుగు చుట్లకు ఘర్షణ గుణకము 0.1 అయిన పట్టు 12 రెట్లు, గుణకము 0.2 అయిన 150 రెట్లు. ఘర్షణ రెండింతలైన పట్టు పండ్రెండింతలగును. నూనె పలుచబడినను, ఉక్కు మెరుగెక్కినను క్లచ్చి స్వభావమే మారిపోవును. మెల్లగ కలియుట క్లచ్చికి ముఖ్యధర్మము. గుణకములోని స్వల్పభేదమును ఇంతగ పెద్దదిచేయు ఏర్పాటు, ఎంత తెలివిగలదైనను, ఆ ధర్మమునకు విరుద్ధమైనది. మెర్సిడెసును అన్నివిధముల అనుకరించిన ఇతర తయారీదారులలో ఎక్కువమంది ఈ ఒక్క అంశమును మాత్రము విడిచిపెట్టిరి. వారి విడుపు విజ్ఞతయే.

లివర్‌పూలులో ఆచార్యుడుగ నుండిన హెన్రీ సెల్బీ హీలీ-షా పేరు ద్రవగతిశాస్త్రము చదివిన విద్యార్థులకు తెలిసినదే. రెండు గాజుపలకల నడుమ సన్నని ఖాళీలో ద్రవమును పారించి ప్రవాహరేఖలను కంటికి కనబరచినవాడు ఆయనయే. పలకల నడుమ పలుచని పొరను గూర్చి అంత ఆలోచించిన మనిషి, 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో నూనెలో మునిగియుండు పలుబిళ్ళల క్లచ్చిని నిర్మించుట ముచ్చట గొలుపు సంగతి. ఒక్క పెద్ద ముఖమునకు బదులు అనేక పలుచని లోహపు బిళ్ళలు. ఒకటి విడిచి ఒకటి ఇంజనుతోను, మిగిలినవి గేరుపెట్టెతోను తిరుగును. బిళ్ళలకు గాడివంటి మడత ఉండును. శంకువులోని ఏటవాలు ఉపాయమును ప్రతి బిళ్ళలోను చిన్నదిచేసి ఇమిడ్చినారన్నమాట. ముఖములు పెరిగినకొలది ఒక్కొక్కదానిమీద భారము తగ్గును. నూనె ఉండుటచే ఘర్షణ తక్కువైనను, బిళ్ళల సంఖ్య ఆ లోటును పూడ్చును. వేడిని నూనె మోసికొనిపోవును. అరిగిన లోహపు పొడి నూనెలో ఉండిపోవును. ఈ చివరి మాటను గుర్తుంచుకొనవలెను.

1908 అక్టోబరులో వెలువడిన ఫోర్డు టీ నమూనా బండిలోను నూనెలో తిరుగు ఉక్కు బిళ్ళల క్లచ్చియే యుండెను. ఈ బండిని గూర్చి పొగడ్త ఎక్కువ, విమర్శ తక్కువ. 1927 వరకు ఒకటిన్నర కోటి బండ్లు తయారైనవన్న అంకె ముందు విమర్శ నోరు మెదపదు. ఇంజను విషయములో పొగడ్త న్యాయమైనదే. నాలుగు సిలిండర్లను ఒకే పోతగ పోసి, తలను విడిగ బిగించునట్లు చేయుటచే పల్లెటూరి కమ్మరి కూడ దానిని విప్పి కవాటములను అరగదీయగలిగెను. ఫ్లైవీలుకే అయస్కాంతములను అమర్చి నిప్పురవ్వకు విద్యుత్తు తీయుట పొదుపరి ఆలోచన. కాని అదే నూనె ఇంజనుకు, క్లచ్చికి, గేర్లకు అన్నిటికిని పంచిపెట్టుట పొదుపును హద్దు దాటించినది. గేర్ల డోళ్ళను పట్టుటకు పెట్టిన పట్టీలకు నూలు అల్లిక తొడిగిరి. అవి అరిగిన పీచు ఆ నూనెలోనే కలియుచుండెను.

చలిదేశములో మరియొక చిక్కు. రాత్రి నూనె గడ్డకట్టినట్లు చిక్కబడును. ఉదయమున క్లచ్చి విడిపోయియున్నను బిళ్ళలు చిక్కని నూనెచే అంటుకొని కలిసియే తిరుగును. బండి ముందు నిలిచి చేతితో ఇంజను త్రిప్పువానిమీదికి, ఇంజను అంటుకొన్నంతనే బండి మెల్లగ నడచివచ్చును. దీనికై వెనుక చక్రము నొకదానిని జాకీమీద ఎత్తి ఇంజను త్రిప్పుట వాడుకయైనది. లక్షల బండ్లలో ప్రతి చలికాలము కనబడిన ఈ దోషము, నమూనా ఆగిపోవువరకు పూర్తిగ తొలగలేదు. అమ్మకము తగ్గనంతవరకు దోషము దోషముగ లెక్కకు రాదు కాబోలు.

ఇంతవరకు చెప్పిన శంకువు, చుట్ట, పలుబిళ్ళలు అన్నియు ఒక జాతి పరిష్కారములు. వేడిని, ఘర్షణను ఆకారముతో గెలువజూచినవి. ఇవి కాక మరొక దారి గలదు: ఆకారమును సులువుచేసి, మాడని పదార్థమును వెదకుట. ఇంజను విషయములోను సరిగ ఈ రెండు దారులే కనబడును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టకున్న ఈ చరిత్రలోని అసలు మలుపు దొరకదు.

ఇంజనుకు వచ్చిన అడ్డంకి టకటక శబ్దము. సంపీడన నిష్పత్తి పెంచినచో అదే పెట్రోలుకు ఎక్కువ పని లభించును. ఆదర్శ చక్రము లెక్క ప్రకారము నిష్పత్తి 4 అయిన దక్షత 43 శాతము, 6 అయిన 51 శాతము. వాస్తవపు ఇంజనులో అందులో సగము దక్కినను లాభమే. కాని నిష్పత్తి పెంచినంతనే మిశ్రమములో చివరి భాగము నిప్పు చేరకమునుపే తానే అంటుకొని సుత్తితో కొట్టినట్లు కొట్టును. ఫోర్డు టీ నమూనాలో నిష్పత్తి మొదట 4.5 ఉండి, పెట్రోలు నాసియైనకొలది 4 దరికి దిగినది. అనగా బండి వయస్సుతోపాటు ఇంజను దక్షత వెనుకకు నడచినది!

హారీ రికార్డో అను ఆంగ్లేయ ఇంజనీరు ఆకారపు దారి పట్టెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఆయన రూపొందించిన సిలిండరు తలలో మంట మండు గది కవాటములమీదికి జరిగినది. పిస్టనుకు పైన మిగిలిన భాగములో తల దాదాపు తాకునంత దగ్గరగ వచ్చినది. పిస్టను పైకి వచ్చినప్పుడు అక్కడి వాయువు పిండబడి గదిలోనికి చిమ్మి సుడులు తిరుగును. సుడిలో మంట వేగముగ వ్యాపించును, పోవలసిన దూరమును తగ్గును. చివరి భాగము తానై అంటుకొనుటకు వ్యవధి చిక్కదు. అదే పెట్రోలు, అదే చవుక ఇంజను, ఒక ఇనుపపోత ఆకారము మాత్రము మారినది. తొలి ఇంజనుల మెరుగుదలలలో ఇంత నిర్మలమైనది మరొకటి లేదని చెప్పవచ్చును.

పదార్థపు దారి అమెరికాలో తెరచుకొన్నది. జనరల్ మోటార్సు పరిశోధనాలయములో కెట్టరింగు క్రింద పనిచేసిన థామసు మిడ్జిలీ, 1921 డిసెంబరు 9న టెట్రాఇథైలు సీసము టకటకను అణచునని కనుగొనెను. 1923 ఫిబ్రవరిలో ఆ పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే అనుచోట దీనిని తయారుచేయు కార్మికులు మతిచలించి, 5గురు మరణించిరి. 1925లో అమ్మకము ఆగినది, విచారణ జరిగినది. ఆలిస్ హామిల్టను అను వైద్యురాలు గట్టిగ వ్యతిరేకించెను. 1926లో అమ్మకము మరల సాగినది. మద్యసారము కలిపినను టకటక తగ్గునని ఆ పరిశోధకులకే తెలియును. సీసము మోతాదు చిన్నది, లాభము పెద్దది. భారతదేశములో సీసపు పెట్రోలు 2000 వరకు ఉండెను. ప్రపంచములో చిట్టచివరగ అల్జీరియా దానిని 2021లో విడిచినది. నిర్మలమైన ఇనుపపోత ఉండగా, దానితో తృప్తిపడక, నూరేండ్లు గాలిలో సీసము చల్లుట ఎట్టి అభివృద్ధి?

క్లచ్చి కథ అచ్చముగ ఇట్లే నడచినది. ఇంగ్లండులో డెర్బీషైరు కొండలలో హెర్బర్టు ఫ్రూడు అను ఆయన గుఱ్ఱపుబండ్లకు బ్రేకుదిమ్మెలు చేయుచు 1897లో ఫెరోడో వ్యాపారమును ప్రారంభించెను. మొదట నూలు, వెండ్రుకల అల్లికలు వాడెను. మోటారుబండ్ల వేడికి అవి నిలువలేదు. 1908 నాటికి ఆయన దృష్టి రాతినారమీదికి మళ్ళినది. తోలు నూటయేబది డిగ్రీలకే ముడుచుకొని మాడును. రాతినార మూడు నాలుగు వందల డిగ్రీలను లెక్కచేయదు. నీటికి ఉబ్బదు, ఆముదము అడుగదు. దానిని జిగురుతో బిగించి బిళ్ళకు ఇరువైపుల అతికించినచో, గరాటులు, గాడులు, నూనెతొట్లు ఏవియు లేకుండ ఒక్క పొడి పలకతో పని జరుగును. బోర్గ్ అండ్ బెక్ వంటి అమెరికా సంస్థలు అట్టి పలకలను పెద్దయెత్తున తయారుచేసినవి. పలక తేలికయైనది గనుక విడదీసినంతనే ఆగును, గేరు సులువుగ పడును. 1927 డిసెంబరులో వచ్చిన ఫోర్డు ఏ నమూనా సహితము నూనెను విడిచి పొడి క్లచ్చికి మారినది. యంత్రము వైపునుండి చూచిన ఇందులో తప్పుపట్టుటకు చోటు దొరకదు. మెల్లగ కలియును, పూర్తిగ విడుచును, చవుకగ మారును. మునుపటి మూడు రకములలో ఏ ఒక్కటియు ఈ మూడింటిని సాధించలేదు.

అరిగిన పొడి మాత్రము ఇప్పుడు నూనెలో ఉండిపోదు. గాలిలోనికి పోవును.

రాచ్‌డేలు పట్టణములో రాతినారను వడకు పనిచేసిన నెల్లీ కెర్షా అను స్త్రీ 1924 మార్చిలో 33 ఏండ్ల వయస్సున మరణించినది. ఆమె ఊపిరితిత్తులలో రాతినార కణములను చూచి డాక్టరు కుక్ అదే సంవత్సరము బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. 1930లో మెరివెదరు, ప్రైసు అను ప్రభుత్వాధికారులు 363 మంది కార్మికులను పరీక్షించి 95 మందిలో ఊపిరితిత్తులు గట్టిపడియుండుట కనుగొనిరి. 1931లో నిబంధనలు వచ్చినవి. అవి కర్మాగారములలో ధూళి తగ్గించుటకు ఉద్దేశింపబడినవే గాని, ఊరూర క్లచ్చి మూతను విప్పి గాలిగొట్టముతో పొడి ఊదివేయు మెకానిక్కు వారి ఊహకు రాలేదు. 1955లో రిచర్డు డోలు రాతినార పనివారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగ నున్నదని చూపెను. బ్రిటను క్రైసోటైలును నిషేధించినది 1999లో.

న్యాయము కొరకు రెండవ వైపు కూడ చెప్పవలెను. క్లచ్చి, బ్రేకుల వేడికి క్రైసోటైలులో చాలభాగము ఫోర్‌స్టరైటు అను వేరొక ఖనిజముగ మారిపోవును. అందుచే అరిగిన పొడిలో అసలు నార స్వల్పము. మెకానిక్కులకు దానివలన ఎంత హాని కలిగినదను విషయమున పరిశోధకులలో ఏకాభిప్రాయము లేదు. నిస్సందేహముగ నష్టపోయినవారు గనిలో త్రవ్వినవారు, మిల్లులో వడకినవారు, అచ్చులలో నొక్కి బిళ్ళలు కోసినవారు. అనగా క్లచ్చిని ఒక్కనాడైన తొక్కియెరుగనివారు. తోలు కాలములో క్లచ్చి బాధ డ్రైవరుకు తెలిసెడిది. మాడిన వాసన అతని ముక్కుకే తగిలెడిది. రాతినార వచ్చిన తరువాత బండిలో కూర్చున్నవానికి హాయి కలిగినది, బాధ ఎన్నో మైళ్ళ దూరమునకు పోయినది. మోటారు చరిత్రలు ఈ బదిలీని పుటలకు ఎక్కించవు. ఎక్కించినను వైద్యమునకు సంబంధించిన విషయమని ప్రక్కన పెట్టును. కాని ఏ పదార్థము భరించవలెనని నిర్ణయించినది వైద్యుడు కాదు, ఇంజనీరు.

తెలుగుదేశమునకు ఈ కథతో సంబంధము లేకపోలేదు. కడప జిల్లా పులివెందుల, బ్రాహ్మణపల్లె ప్రాంతములో సున్నపురాతి పొరలలోనికి నల్లని డోలరైటు శిల చొచ్చుకొనివచ్చిన చోట్ల క్రైసోటైలు రాతినార ఏర్పడినది. భూగర్భశాస్త్ర గ్రంథములన్నియు దాని నాణ్యతను మెచ్చుకొన్నవి. నార పొడవు, తెలుపు, మెత్తదనము, అల్లికకు పనికివచ్చుట ఆ మెప్పునకు కారణములు. ఇచ్చటను అదే కొలబద్ద: వస్తువు గుణమునకు పట్టిక గలదు, త్రవ్వినవాని ఊపిరికి పట్టిక లేదు. రాతినార గనుల త్రవ్వకము దేశములో ఆగిపోయినను దిగుమతి ఆగలేదు. ఎక్కువభాగము ఇండ్లమీది సిమెంటు రేకులకు పోవుచున్నది.

పదార్థపు దారియే అనివార్యమైనదని వాదించువారు గలరు. ఒక్క పొడి పలక లేనిదే కోట్ల జనులకు బండి అందియుండదని వారి మాట. ఆ మాటలో కొంత నిజము గలదు. హీలీ-షా క్లచ్చి చేయుటకు ఖర్చు ఎక్కువ, చోటు ఎక్కువ, చలిలో పేచీ ఎక్కువ. కాని నూనె క్లచ్చి ఓడిపోయినదని వ్రాయుట సరికాదు. నేడు హైదరాబాదులోను, బెజవాడలోను తిరుగు మోటారుసైకిళ్ళలో అధికభాగమునకు ఇంజను నూనెలోనే మునిగి తిరుగు పలుబిళ్ళల క్లచ్చి గలదు. ఉక్కు బిళ్ళకు ఉక్కు బిళ్ళకు నడుమ, కాగితపు గుజ్జుతోనో బెండుతోనో చేసిన ముఖముగల బిళ్ళ. నూనె పలుచనైనది, బిళ్ళలు చిన్నవైనవి, చోటు అరచేయంత. ఇంజనుకు, క్లచ్చికి ఒకే నూనె పోయు ఫోర్డు పొదుపు సైతము అందులో అట్లే యున్నది. వేసవిలో గేరు పడక మొరాయించిన బండిని మెకానిక్కు విప్పినప్పుడు పళ్ళెములోనికి కారు నల్లని నూనెలో ఆ బిళ్ళల అరుగుదల అంతయు కనబడును.